ఇరవై ఎనిమిది గొడుగులు, ఒక వేపపుల్ల

ఆ రోజుల్లో నాలుగక్షరాల మాట ఒకటి నా నోటికి వచ్చేది కాదు. ‘కుదరదు.’ ఈ మాట రానివాళ్లు పెళ్లిళ్లలో వడ్డనకి పనికొస్తారు, ఆఫీసులో ఎవరూ ముట్టుకోని పనులకి పనికొస్తారు, చుట్టాల పిల్లల్ని పరీక్షలకి తీసుకెళ్లడానికి అద్భుతంగా పనికొస్తారు. వీధుల్లో మొక్కలు నాటడానికి మాత్రం పనికిరారు. ఈ సత్యం నాకు ఇరవై రెండేళ్ల వయసులో తెనాలిలో బోధపడింది. ఆ వీధి పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పటికీ అక్కడ నాకు కాఫీ ఇచ్చే ఇళ్లు ఏడున్నాయి. ఆ ఏడాది ఒక చివర గడ్డిపోచ లేకుండా, ఇంకో చివర చిన్న అడవిలాగా ఆ వీధి ఎందుకు తయారైందని ఎవరైనా అడిగితే, నిజాయితీగా చెప్పాల్సిన జవాబు ఒకటే: నాకు కుదరదనడం కుదరలేదు.

నాది బాపట్ల. తోటల పెంపకంలో డిప్లొమా చేశానని మా అమ్మ ఎవరికీ చెప్పుకునేది కాదు, ఎందుకంటే ఇంట్లో తులసికోట దగ్గరికి కూడా నన్ను రానిచ్చేది కాదు. (“నువ్వు నీళ్లు పోసిన మూడు తులసులూ పోయాయే తల్లీ, నాలుగోదాన్ని బతకనీ” అనేది.) అలాంటి నాకు, పట్టణాల్లో పచ్చదనం పెంచే పనులకి మొక్కలు సరఫరా చేసే ఒక చిన్న కాంట్రాక్టరు గారి దగ్గర ఉద్యోగం దొరికింది. ఆయన ఊరు రేపల్లె, ఆయన మాట రేపు. ఏది అడిగినా “రేపు చూద్దాంలేమ్మా” అనేవారు. అందుకని వెనకాల అందరం ఆయన్ని రేపు గారనే పిలుచుకునేవాళ్లం. ఆయన నర్సరీ రేపల్లెలో, నా పని తెనాలిలో, నా నిద్ర బాపట్లలో. మిగిలిందంతా ప్యాసింజరు రైల్లో.

పని చూడటానికి తేలిక. ఆ వీధి పడమటి చివర మెయిన్ రోడ్డు, తూర్పు చివర కాలవ గట్టు. మధ్యలో ఇళ్ల ముందర వరుసగా నలభై గుంటలు అప్పటికే తవ్వించి ఉన్నాయి. గుంటకో మొక్క. అన్నీ కానుగలే. వానాకాలంలో నాటాలి, ఏడాది తిరక్కుండా ఎండాకాలం చివర పై ఆఫీసు నుంచి పెద్ద సారొకాయన వచ్చి లెక్క చూస్తారు. మొదటి రోజే రేపు గారు నన్ను కూర్చోబెట్టి, ఆయన జీవితంలో మొదటిసారి రేపటికి వాయిదా వెయ్యకుండా ఒక మాట చెప్పారు. “ఆయనొచ్చిన్నాడు ముప్పై మొక్కలు బతికుంటే నువ్వూ ఉంటావమ్మా. ఇరవై తొమ్మిదైతే మనిద్దరికీ ఈ పని ఉండదు.” నలభైలో ముప్పై అంటే ఎంత, పదిపోయినా పర్వాలేదుగా అనుకున్నాను. మా అమ్మ తులసుల శాతం లెక్కేసుకోలేదు.

మొదటి ఇల్లు హెడ్మాస్టారిది. ఆయన రిటైరయ్యి చాలాకాలమైనా వీధికి మాత్రం ఇంకా రిటైరవ్వలేదు. ఆ వీధిలో సగం మంది ఆయన చేత తొడపాశం తిన్నవాళ్లే. గేటు తీసి గుంటని చూశారు, మొక్కని చూశారు, నన్ను ఇంకాస్త అనుమానంగా చూశారు. “ఏం మొక్కమ్మాయ్?” “కానుగండి మాస్టారూ.” “మంచి మొక్క. చల్లటి నీడ. వద్దనకూడదు. కాకపోతే గేటుకి ఎదురుగా చెట్టుంటే వాస్తు ఒప్పుకోదు. కాస్త అటు జరుపు” అని కాలవ వైపు చెయ్యి చూపించారు. నేను తలూపి మొక్కని పక్క గుంటలోకి జరిపాను. ఆ పక్క గుంట వడియాల పిన్నిది. (పిన్ని నాకు కాదు, వీధి మొత్తానికి.) ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో, పచ్చని మొక్కని వద్దంటామా అమ్మా, పాపం తగలదూ? కాకపోతే మాకు ఎండొచ్చేది ఈ అరుగు మీదికొక్కటే. నీడ పడితే నా గుమ్మడి వడియాలు ఎక్కడ పెట్టుకోను? కాస్త అటు జరుపుకో, ఈలోపు కాఫీ పెడతా.” కాఫీ తాగాక కాదనడం ఎలా? రెండు మొక్కలూ అటు జరిగాయి.

ఫ్యాన్సీ షాపాయన, “బోర్డు మీద మా అమ్మాయి ఫొటో వేయించానండీ, కొమ్మలొస్తే ముక్కుదాకా మూసుకుపోద్ది” అన్నాడు. ఆ పక్కింటాయన, “మా అల్లుడు కారు వెనక్కి తీసేటప్పుడు వెనక్కి చూడడండీ, అలవాటు లేదు” అన్నాడు. ఆ తర్వాతి ఇంటావిడ అందరికంటే దూరం ఆలోచించింది. “చెట్టుంటే కాకులు చేరతాయి, కాకి అరిస్తే చుట్టాలొస్తారు. మాకు ఉన్నవాళ్లు చాలమ్మా.” ఇందులో విశేషం ఏంటంటే, ఒక్కరంటే ఒక్కరు కూడా మొక్క వద్దనలేదు. పచ్చని చెట్టుని వద్దనడం ఆ వీధిలో మర్యాద కాదు. అందరూ మొక్కకి ఒక దణ్ణం పెట్టి, నాకో కాఫీ ఇచ్చి, కాస్త అటన్నారు. ఆ అటు ఎప్పుడూ తూర్పే. పడమటికి జరపమనే ధైర్యం ఎవరికీ లేదు, పడమటి చివర హెడ్మాస్టారున్నారు మరి!

సాయంత్రానికి పరిస్థితి ఇదీ: తాళాలు వేసిన ఇళ్ల ముందు, ఒక గోడౌను గోడ పక్కన కలిపి పన్నెండు మొక్కలు కుదురుకున్నాయి. (తాళంకప్ప కాస్త అటు అనదు కదా.) మిగిలిన ఇరవై ఎనిమిది మొక్కలతో, ఏడు కాఫీల కడుపుతో, నేను కాలవ గట్టు దగ్గర తేలాను. ఇక అటు జరపడానికి అటు లేదు, నీళ్లున్నాయి.

అక్కడ ఒక రేకుల బడ్డీ. అందులో గొడుగులు బాగుచేసే చాచా. తెల్లటి గడ్డం, ముక్కు చివరికి జారిన కళ్లజోడు, నోట్లో నాలుగు గొడుగు పుల్లలు. నన్నూ నా మొక్కల మందనీ చూసి పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. “ఏంటమ్మాయ్, వీధంతా పెళ్లిళ్లు చేసి అప్పగింతలు నాకాడ పెట్టావా?” నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. సంగతంతా చెప్పాను. చాచా నవ్వలేదు. బడ్డీ పక్కన కంచె వెంబడి ఉన్న ఖాళీ జాగా చూపించి, “పెట్టు. ఇంకా ఉన్నాయా?” అన్నాడు. ఆ ‘ఇంకా ఉన్నాయా’ అన్న మాటకి నేను ఈ జన్మలో రుణం తీర్చుకోలేను. నాకు మాత్రం ఆ క్షణంలో కూడా బుద్ధి లేదు, “నీడొస్తే మీ గొడుగులకి బేరం పోదా చాచా?” అనడిగాను. “గొడుగు వానకి బేటీ. ఈ ఊళ్లో ఎండకి గొడుగేసుకునేది హెడ్మాస్టారొక్కరే. నలభై ఏళ్లుగా ఊరందరి నీడా బాగుచేస్తున్నా, నా నెత్తిన మాత్రం ఈ రేకు. ఎండాకాలం పెనం మీద అట్టులాగా ఉంటా. దేవుడు పంపిస్తే నేనెవరు అటు జరపడానికి?” అని తనే పలుగు అందుకున్నాడు. మొక్కకీ మొక్కకీ మధ్య ఉండాల్సిన దూరంలో సగం కూడా లేదు. మా లెక్చరర్లు చూస్తే డిప్లొమా వెనక్కి పుచ్చుకునేవాళ్లు.

వానలు పోయాయి, చలి పోయింది, ఎండలొచ్చాయి. తాళాల ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చి మొక్కల సంగతి చూసుకున్నారు. కొన్నిటిని మేకలు చూసుకున్నాయి. పన్నెండులో గోడౌను గోడ పక్కది ఒక్కటే మిగిలింది. ఏప్రిల్లో కాలవకి నీళ్లు కట్టేశారు, గట్టు నెర్రెలిచ్చింది. నేను రోజూ రైలు దిగి బిందె పట్టుకుని నీళ్ల కోసం ఇంటింటికీ తిరిగేదాన్ని. నా బిందె నీళ్లకంటే నా కన్నీళ్లే నయం అన్నట్టుండేది. చాచా మాత్రం తన పద్ధతిలో తను కానిచ్చాడు. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే నీళ్లు ఊరికే పోనివ్వకుండా, పూటకో మొక్క దగ్గర కూర్చుని కడుక్కునేవాడు. రోజుకి ఐదు మొక్కలు. ఆరో రోజుకి మళ్లీ మొదటికి. ఇది వడియాల పిన్ని కంటపడింది. “సాయిబు గారు అయిదుపూటలా పోస్తుంటే నేను చూస్తూ కూర్చుంటే బాగోదు” అని బియ్యం కడిగిన నీళ్లు పంపించడం మొదలుపెట్టింది. ఎండ మాత్రం నీళ్లకి లొంగలేదు. లేత చిగుళ్లు మాడిపోతున్నాయి.

ఒకరోజు నేను రైలు దిగి వచ్చేసరికి కాలవ గట్టు మీద ఇరవై ఎనిమిది నల్లగొడుగులు విచ్చుకుని ఉన్నాయి. మొక్కకో కర్ర, కర్రకో గొడుగు. దూరం నుంచి చూస్తే ఎవరో పొట్టివాళ్ల ఊరేగింపు ఎండకి ఆగి నిలబడ్డట్టుంది. అవన్నీ బాగుచేయించుకోడానికి ఇచ్చి, మళ్లీ తీసుకెళ్లని గొడుగులట. వాన వెలిశాక గొడుగు బరువు కదా! ఏళ్ల తరబడి బడ్డీ అటక మీద పేర్రాసిన చీటీలతో వేలాడుతున్నాయి. “అమ్మేసుకోవచ్చుగా చాచా” అంటే చెవులు మూసుకున్నాడు. “తప్పు బేటీ, ఒకరు నమ్మి ఇచ్చిన వస్తువు. అమ్మకూడదు, వాడుకోకూడదు. మొక్కకి పట్టుకుంటే మాత్రం సొంతదారుకి పుణ్యమొస్తది. అందుకే చీటీలు తియ్యలా, ఎవరి పుణ్యం ఎవరికి పోవాలో దేవుడికి తెలియొద్దూ?”

మే నెలాఖరులో పెద్ద సారు వస్తున్నారని కబురొచ్చింది. ఆ రోజు పొద్దున్నే లెక్కపెట్టాను. గొడుగుల కింద ఇరవై ఎనిమిది, గోడౌను పక్కన ఒకటి. ఇరవై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను, ఈసారి నెమ్మదిగా. అయినా ఇరవై తొమ్మిదే. రేపు గారికి ఫోన్ చేస్తే, “ఇవాళ్టికి ఏదో చేసెయ్యమ్మా, వేపకొమ్మ ఒకటి విరిచి గుచ్చు, రేపు మంచి మొక్క పెట్టుకుందాం” అన్నారు. ఇరవై రెండేళ్ల వయసులో మనిషి భయపడితే ఎంత నీచానికైనా దిగుతుంది. గోడౌను గోడ పక్క వేపచెట్టు కొమ్మ విరిచి, ఆకులు సర్ది, వరుస చివర గుచ్చాను. చాచా చూసి, దానికి మాత్రం గొడుగు తేలేదు. అది ఎంత పెద్ద తిట్టో ఆ రోజే తెలిసింది. తొమ్మిదిన్నరకల్లా ఆ కొమ్మ ఆకులన్నీ వేలాడేసింది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు చేతిలో విరిగిన మడత గొడుగుతో వచ్చారు. బాగుచేయమని ఇవ్వబోయి, వరుసలో ఒక గొడుగు దగ్గర ఆగిపోయారు. వంకీ తిరిగిన చెక్క పిడి. “సాయిబూ, ఇది నాది కాదూ?” “మీదేనండి మాస్టారూ. చీటీ చూడండి. నాలుగేళ్లయింది, మీరు మళ్లీ రాలా.” “మరి నా గొడుగు చెట్టుకి పట్టావేంటయ్యా?” చాచా గొడుగు పీకి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఇచ్చేశాడు. మాస్టారు దాన్ని తన నెత్తిన పట్టుకున్నారు. కింద మొక్క మీద ఎండ భగ్గున పడింది. దాన్నొకసారి చూశారు. ఇంకా రెండు చిన్న చిగుళ్లు, గోరంత. మాస్టారు ఒక అడుగు పక్కకి వేశారు. గొడుగు కొంచెం వంచారు. ఇంకో అడుగు వేశారు. గొడుగు నీడ సగం ఆయన మీదా సగం మొక్క మీదా పడేదాకా జరిగారు. వీధి మొత్తాన్నీ అటు జరిపించినాయన తను అటు జరగడం నేను కళ్లారా చూశాను.

ఆయన చూపు తిరిగి వరుస చివరికి వెళ్లింది. “ఇదేంటమ్మాయ్? మొక్కా, పళ్లు తోముకునే పుల్లా?” ముప్పై సంగతి, ఇరవై తొమ్మిది సంగతి, ఉద్యోగం సంగతి, కొమ్మ సంగతి, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. ఆయన శాంతంగా విని, ఆ పుల్ల పీకి ఎండిన కాలవలోకి విసిరేసి, “దొంగలెక్కలు రాస్తే నా క్లాసులో బెంచీ ఎక్కించేవాణ్ణి” అన్నారు. నేను ఎక్కడానికి బెంచీ కోసం వెతుక్కుంటుండగానే జీపొచ్చింది.

పెద్ద సారు జీపు దిగి, గొడుగుల వరుస చూసి నోరు తెరిచి, ఆ వరుసలో నిలబడ్డ మనిషిని చూసి మూసేశారు. చకచకా వచ్చి వంగి కాళ్లకి దణ్ణం పెట్టారు. “మాస్టారూ! మీరేంటండి, ఈ ఎండలో?” ఆ సారు కూడా ఒకప్పటి తొడపాశమేనన్నమాట! మాస్టారు ఒక క్షణం తడబడ్డారు. గొడుగు లాక్కోడానికి వచ్చానని శిష్యుడితో ఎలా అంటారు? “మొక్కకి ఎండ తగుల్తుంటే పట్టుకున్నానురా” అన్నారు. అది అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. పెద్ద సారు కళ్లు తుడుచుకుని లెక్క మొదలుపెట్టారు. “ఇరవై ఎనిమిది... గోడౌను దగ్గర ఒకటి చూశాను... ఇరవై తొమ్మిది. అమ్మా, ముప్పయ్యోది?” నేను చాచా వైపు చూశాను. చాచా ఆకాశం వైపు చూశాడు. అప్పుడు, జన్మలో ఒక్క మార్కు కూడా ఊరికే వెయ్యని హెడ్మాస్టారు గొంతు సవరించుకుని, “ముప్పయ్యోది మా గేటు ముందుందిరా” అన్నారు. “మాస్టారు చెప్పాక ఇంక చూడ్డం దేనికండి” అని పెద్ద సారు సంతకం పెట్టేశారు.

జీపు మలుపు తిరగ్గానే మాస్టారు నా వైపు తిరిగారు. ముఖం ఎర్రగా కందిపోయింది, ఎండకో సిగ్గుకో తెలియదు. “అమ్మాయ్, అరవై తొమ్మిదేళ్లొచ్చాయి నాకు. పొద్దుగూకేలోగా నా మాట నిజమవ్వాలి.” నేను రేపు గారికి ఫోన్ చేశాను. ఆయన ఏమన్నారో మీకు చెప్పనక్కర్లేదు. “రేపు కాదు, ఇవాళ” అన్నారు మాస్టారు, “అదే నర్సరీ మొక్క కావాలి. నేను వెళ్లగొట్టింది అక్కణ్ణుంచి వచ్చినదాన్నేగా?” ఇక రేపల్లె రైలెక్కాను. తిరుగు రైల్లో ఒళ్లో కానుగ మొక్క, పక్కన కూర్చున్న మామ్మ “ఎన్నో నెలమ్మా?” అన్నట్టుగా దాన్నీ నన్నూ మురిపెంగా చూడటం. ఒకాయనైతే కిటికీ సీటు ఇచ్చాడు, నాక్కాదు, మొక్కకి. తెనాలిలో దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి మాస్టారు పంచె ఎగ్గట్టి, పాత గుంటలోని మట్టి స్వయంగా తోడేసి నిలబడి ఉన్నారు. చాచా చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గేటుకి ఎదురుగా, అంగుళం అటూ ఇటూ కాకుండా పెట్టాం. నోరు ఊరుకోక, “వాస్తు మాస్టారూ?” అన్నాను. “మాట తప్పిన ఇంటికి ఏ వాస్తూ పనిచెయ్యదు. నీళ్లు పొయ్యి.”

తర్వాతి వానాకాలంలో జరిగింది చెప్తే మీరు నమ్మరు, నేనే రెండ్రోజులు నమ్మలేదు. హెడ్మాస్టారి గేటు ముందు చెట్టుంటే తమ గుమ్మం ముందు ఎందుకు లేదని వీధిలో అందరికీ చిన్నతనంగా అనిపించింది. వడియాల పిన్ని మేడ మీద ఎండ కనిపెట్టింది. అల్లుడు గారు వెనక్కి చూడటం నేర్చుకున్నారు. ఫ్యాన్సీ షాపాయన బోర్డుని ఆరడుగులు పైకి ఎత్తించాడు. నేను మొక్కలు తీసుకుని వీధి మలుపు తిరిగితే చాలు, “అమ్మాయ్, కాస్త ఇటు” అని కేకలు. (కాఫీలు మాత్రం అవే ఏడు.) గొడుగుల సొంతదారులు కూడా ఒక్కొక్కరే వచ్చి చీటీలు చదువుకుని, పుణ్యం సంగతి తెలిసి, “ఉండనీలే చాచా, ఇంకో ఎండాకాలం” అని వెళ్లిపోయారు.

ఇది జరిగి పదిహేనేళ్లయింది. కాలవ గట్టు దగ్గర ఇప్పుడు రేకుల బడ్డీ కనబడదు, కానుగల కింద ఎక్కడో ఉంటుంది. వేసవి మధ్యాహ్నం ఊళ్లో బండ్లన్నీ అక్కడే చేరతాయి. చాచా ఇంకా ముక్కు చివర కళ్లజోడుతో పుల్లలు బిగిస్తూనే ఉన్నాడు. మొన్న వెళ్తే, “నీ చెట్ల మూలాన వానొచ్చింది కూడా ఆలస్యంగా తెలుస్తోంది బేటీ, బేరం పోయింది” అని ఫిర్యాదు చేసి, నా తల మీద రాలిన పూలు దులిపాడు. మాస్టారు లేరు. ఆయన గేటు ముందు చెట్టు ఉంది. దాని కింద నిలబడితే నేనెప్పుడూ తిన్నగా నిలబడతాను, బెంచీ ఎక్కినట్టు. నా చేత్తో నీళ్లు పోస్తే తులసి బతకదన్న మా అమ్మ మాట ఇప్పటికీ నిజమే. నన్ను మొక్కల మనిషిని చేసింది నా చెయ్యి కాదు, ఆ వీధిలో ఇద్దరు పెద్దవాళ్ల చేతులు.

ఇప్పుడు బాపట్లలో సూర్యలంక రోడ్డు వైపు నాకే ఒక నర్సరీ ఉంది. పచ్చదనం గురించి బళ్లలో మాట్లాడమని పిలుస్తారు, వెళ్లి గంభీరంగా మాట్లాడతాను కూడా. పోయిన వానాకాలంలో మా వీధిలో మొక్కలు నాటడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో, నుదుటి మీద చెమట, చేతిలో కానుగ. సరిగ్గా మా ఇంటి ముందు, నేను రోజూ స్కూటీ పెట్టుకునే చోట గుంట చూపించి, “ఇక్కడ పెట్టమంటారా అండీ?” అంది. నేను చాలా ప్రేమగా, “మంచి మొక్కమ్మా, వద్దనకూడదు. కాకపోతే...” అన్నాను. నా చెయ్యి దానంతటదే లేచి పక్కింటి వైపు చూపించబోతోంది. గాల్లో ఉన్న ఆ చేతిని చూసి నేనే ఉలిక్కిపడ్డాను. అమ్మాయి అప్పటికే మొక్క ఎత్తుకుని జరగబోతోంది పాపం, దానికీ ఆ నాలుగక్షరాల మాట వచ్చినట్టు లేదు.

“ఉండమ్మా” అన్నాను. లోపలికి వెళ్లి తాళం తెచ్చి, స్కూటీని కాస్త అటు జరిపాను. ఆ తర్వాత కాఫీ పెట్టాను.